కార్ల్స్‌బాడ్ గుహ: లిఫ్టులో దిగి చూస్తే చూసినట్టేనా?

గులకరాయి:
పోయిన వారం డాలస్ నుంచి న్యూ మెక్సికోలోని కార్ల్స్‌బాడ్ కావర్న్స్ నేషనల్ పార్కుకి వెళ్ళొచ్చాను. ఇది మూడోసారి. ఉన్న మాట చెప్తాను, ఒంట్లో ఓపిక ఉండి కూడా లిఫ్టులో దిగేవాళ్ళు ఆ గుహని చూసినట్టు కాదు. నేచురల్ ఎంట్రన్స్ అని కొండకి పెద్ద నోరు ఉంటుంది. అక్కడినుంచి మైలుంపావు దారి మెలికలు తిరుగుతూ దాదాపు 750 అడుగుల లోతుకి దిగుతుంది. మొదట గబ్బిలాల రెట్ట వాసన ముక్కుకి తగులుతుంది, తర్వాత ఒక్కో మలుపుకీ వెలుతురు తగ్గుతుంది, ఒకచోట వెనక్కి తిరిగి చూస్తే ఆకాశం అరచేతంత ఉంటుంది, ఇంకో మలుపు తిరిగేసరికి అదీ ఉండదు. అప్పుడు మొదలవుతుంది గుహ. లిఫ్టులో అయితే పైన గిఫ్ట్ షాపు పక్కన ఎక్కి నిమిషంలో కింద తేలతారు. ఎక్కడికొచ్చామో ఒంటికి తెలిసేలోపే ఫోన్లు బయటికొస్తాయి.

మినప సున్ని:
మూడేళ్ళ పాప ఉంది అన్నా, స్ట్రోలర్ రానిస్తారా?

గులకరాయి:
లోపలికి రానివ్వరు, ఎత్తుకోవాల్సిందే. స్వెట్టర్ మర్చిపోకండి, బయట ఎండ మండిపోతున్నా లోపల ఏడాది పొడుగునా 56 డిగ్రీల ఫారన్‌హీటే. టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోండి. డాలస్ కంటే అక్కడ గంట వెనక, అది చూసుకోక కంగారు పడతారు మనవాళ్ళు.

ప్లేనో కృష్ణ:
గులకరాయి గారూ, మా అమ్మకి 71. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. పోయినేడు లిఫ్టులోనే తీసుకెళ్ళాను. మీ లెక్కన ఆవిడ ఏమీ చూడలేదన్నమాట. లోపలున్న బిగ్ రూమ్ అనే పెద్ద గది 4,000 అడుగుల పొడవు, ఒకచోట 255 అడుగుల ఎత్తు. ఆ చీకట్లో పైకి చూసి "ఇంత చోటు భూమి లోపల ఉందా నాయనా" అని అక్కడే రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయింది. అది చూడటం కాకపోతే మరేంటి?

గులకరాయి:
"ఓపిక ఉండి కూడా" అని రాశాను. మళ్ళీ చదవండి.

ప్లేనో కృష్ణ:
చదివాను. ఓపిక ఎవరికి ఉందో ఎవరికి లేదో క్యూలో నిలబడి మీరు తేలుస్తారా? నాకు 38 ఏళ్ళు, చూడటానికి దుక్కలా ఉంటాను, వెన్ను ఆపరేషన్ అయిందని నా మొహాన రాసుండదు కదా. ఇంకో సంగతి. 1920ల్లో మొదట వచ్చిన జనాన్ని గబ్బిలాల రెట్ట తోడే బకెట్‌లో ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి 170 అడుగులు కిందికి దించేవారు. వాళ్ళు కూడా చూడనట్టేనా?

గులకరాయి:
ఆ బకెట్‌లో వేలాడిన మనిషికి లోతంటే ఏంటో ప్రాణాలకి తెలుస్తుంది. నేనంటున్నదీ అదే. 1932లో లిఫ్టు పెట్టాక ఆ భయం పోయింది.

గోదారి పిల్ల:
మీ ఇద్దరి మధ్యలో దూరుతున్నాను, కానీ ఈ "అసలైన దారి" అన్న మాటే నాకు ఎక్కట్లేదు. మామూలు సున్నపురాయి గుహల్ని పైనుంచి ఇంకే వాననీరు తొలుస్తుంది. ఇక్కడ తిరగబడింది కథ. కింద చమురు పొరల్లోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పైకొచ్చి, నీళ్ళలో ఆక్సిజన్‌తో కలిసి గంధకామ్లం అయింది, అది 40-60 లక్షల ఏళ్ళ కిందట ఆ రాయిని తినేసింది. అంటే ఆ గదికి కారణం కిందినుంచి వచ్చింది. మనిషి దిగే నోరు ఆ తర్వాతి సంగతి. కాకపోతే లిఫ్టు వల్ల నష్టం లేదనను. ఆ గొట్టం గుండా తేమగాలి పైకి లాగేసి గుహ ఆరిపోతోందని తర్వాత గాలి ఆపే తలుపులు పెట్టాల్సి వచ్చింది.

గులకరాయి:
చూశారా, లిఫ్టుతో గుహకే చేటు.

ప్లేనో కృష్ణ:
ఆవిడ చెప్పిన నాలుగు ముక్కల్లో మీకు కావలసిన ముక్క ఏరుకున్నారు.

గులకరాయి:
సరే, ఏం చూసి రాశానో చెప్తాను. మొన్న బిగ్ రూమ్‌లో ఇరవై మంది మనవాళ్ళు, అందరూ లిఫ్టులో దిగినవాళ్ళే. పిల్లలు ప్రతిధ్వని కోసం పేర్లు పెట్టి అరుస్తున్నారు, పెద్దవాళ్ళు నవ్వుతున్నారు. ఒకాయన గట్టు దాటి చెయ్యి చాపి స్టాలగ్‌మైట్‌ని, అదే నేలమీంచి పైకి పెరిగిన సున్నపురాయిని, నిమిరాడు. పార్కు రేంజర్ వచ్చి మర్యాదగానే చెప్పింది, ఈయనేమో "జస్ట్ వన్ టచ్" అంటాడు. పక్కన నిలబడ్డ నాకు చెవులు కాలిపోయాయి. అక్కడ చాలా రాళ్ళు ఎప్పుడో ఆరిపోయాయి, వానలు బాగా పడిన కాలంలో పెరిగినవి. చేతి జిడ్డు అంటితే దానిమీద మళ్ళీ సున్నం పేర్చే నీరు ఇప్పుడు రాదు. ఆ మచ్చ మచ్చే.

ప్లేనో కృష్ణ:
ఇందాకటి నుంచి లిఫ్టు లిఫ్టు అన్నది ఇందుకా! అయితే నాదీ చెప్తాను. అమ్మకి ఒక రాయి అచ్చం శివలింగంలా కనిపించింది. బొర్రా గుహల్లో లింగానికి దణ్ణం పెట్టుకుని పెరిగిన మనిషి. కళ్ళు మూసుకుని మెల్లిగా స్తోత్రం ఎత్తుకుని ఒక చెయ్యి ముందుకు చాపింది. తగల్లేదు, అంత దూరం అందదు కూడా. నేను వద్దమ్మా అనేలోపు వెనకనుంచి ఒక తెలుగాయన "ఆంటీ, ఇక్కడ మన పరువు తియ్యకండి" అన్నాడు. నలుగురిలో. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో పెట్టుకుంది. మిగతా దారంతా ఒక్క మాట లేదు. ఏడు గంటల డ్రైవ్‌లో కూడా లేదు.

గులకరాయి:
బాధగా ఉంది వింటే. కానీ దేవుడనుకుని ముట్టినా జిడ్డు జిడ్డే కదా కృష్ణ గారూ.

ప్లేనో కృష్ణ:
ముట్టుకోకూడదని నేనూ అంటాను! నా పోట్లాట దానిమీద కాదు. "రాయి పాడవుతుందమ్మా" అని ఉంటే మా అమ్మే పిల్లలందరికీ చెప్పి ఉండేది. ఆయనకి రాయి గురించి దిగుల్లేదు, పక్కనున్న తెల్లవాళ్ళు ఏమనుకుంటారో అని దిగులు. మీ చెవులు కాలింది రాయి కోసమా, వాళ్ళ కోసమా?

సీత పిన్ని:
2024లో ఎవరో అదే బిగ్ రూమ్‌లో చీటోస్ ప్యాకెట్ పడేస్తే, ఆ తేమకి బూజు పట్టి, పురుగులు చేరి, రేంజర్లు బూజంతా ఏరి తీయాల్సి వచ్చింది. పార్కు వాళ్ళే పెట్టారు ఆ సంగతి. పడేసింది ఏ దేశంవాళ్ళని ఎవరూ అడగలేదు నాయనా.

గులకరాయి:
పిన్ని గారూ, నిజమే. కృష్ణ గారూ, మీరడిగారు కాబట్టి చెప్తున్నా. రెండూ ఉన్నాయి. రేంజర్ మనవాళ్ళకి చెప్తుంటే నేను వాళ్ళతో రాలేదన్నట్టు నాలుగడుగులు పక్కకి జరిగాను. రాయి కోసమే అయితే ముందే వెళ్ళి ఆయనకి తెలుగులో నేనే చెప్పి ఉండాల్సింది. అరుపుల మాట మాత్రం వెనక్కి తీసుకోను. అక్కడ నిశ్శబ్దం కూడా చూడాల్సిన వస్తువే, దాన్ని పాడు చేసే హక్కు ఎవరికీ లేదు.

ప్లేనో కృష్ణ:
అరవద్దన్న దానికి నేనూ ఓటేస్తాను. అమ్మ అక్కడ ఎక్కువసేపు చూసింది ఏంటో తెలుసా? అంత పెద్ద గదిలో, ఆ స్తంభాలన్నీ వదిలేసి, ఒక నీటిచుక్కని. పైన సన్నటి పుల్లలాంటి రాయి కొసన చుక్క ఊరుతోంది, అది నిండి జారడానికి చాలాసేపు పట్టింది. చేతిలో జపమాల తిప్పినట్టు వేళ్ళమీద లెక్కపెడుతూ కూర్చుంది. పడ్డాకే లేచింది. ఇది ఆ పరువు మాట పడకముందు.

గులకరాయి:
ఏ చోటండీ అది? మూడుసార్లు వెళ్ళాను, నా కంట పడలేదు.

ప్లేనో కృష్ణ:
నాకు సరిగ్గా గుర్తులేదు, నేను ఫొటోలు తీస్తున్నాను. అమ్మకి గుర్తుంటుంది. ఇప్పుడు విజయవాడలో తెల్లారుజాము నాలుగు, లేచాక ఫోన్ చేసి అడిగి ఇక్కడ రాస్తాను.