చిన్న వయసు జట్టుకు సీజన్ మొదట్లోనే వచ్చిన నిబ్బరం నిలుస్తుందా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అందరికీ నమస్కారం. గజపతి జిల్లాలో ప్లస్ టూ చదువుతున్న ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకు శిక్షణ ఇస్తున్నాను. అనుభవమున్న క్రీడాకారిణులు చదువు ముగించుకొని వెళ్ళిపోవడంతో ఈ సీజన్‌ను దాదాపు పూర్తిగా కొత్త పిల్లలతోనే మొదలుపెట్టవలసి వచ్చింది. తొలి మ్యాచుల్లో తడబడతారనీ, దసరా దాటితే గాని కుదురుకోరనీ అనుకున్నాను. జరిగింది వేరు. మొన్నటి మ్యాచ్ మూడో క్వార్టర్‌లో ప్రత్యర్థులు వరసగా పది పాయింట్లు చేసి ముందుకు వెళ్ళినప్పుడు, నేను టైమ్ అవుట్ అడగడానికి స్కోరర్ బల్ల వైపు నడుస్తుండగానే, మా పాయింట్ గార్డ్ (బంతిని తెచ్చి ఆట నడిపించే అమ్మాయి) బంతిని నిదానంగా తెచ్చి, చేయెత్తి అందరినీ వారి వారి చోట్లకు పంపి, సాధనలో నేర్చుకున్న ఆటనే ఆడించింది. నేను మాట్లాడకుండా వెనక్కి వచ్చి కూర్చున్నాను. రెండు పాయింట్ల తేడాతో గెలిచాము. అంతకుముందు పాతపట్నం వెళ్ళి ఆడిన స్నేహపూర్వక మ్యాచ్‌లోనూ ఇదే స్థిమితం కనిపించింది.

ఇది నిజంగా అబ్బిన గుణమేనా, లేక ఇంకా ఓటమి భయం తెలియకపోవడం వల్ల వచ్చిన ధైర్యమా అన్నది నా మొదటి సందేహం. రెండోది, డిగ్రీలో చేరిన ఇద్దరు పాత క్రీడాకారిణులు ఓపెన్ పోటీల్లో మా తరఫున ఆడతామని అంటున్నారు. వారిని తీసుకుంటే జట్టు గట్టిపడుతుందా, లేక ఈ పిల్లల చొరవ తగ్గిపోతుందా? అనుభవజ్ఞులు చెప్పగలరు.

సమాధానం (బరంపురం నుంచి)

మాస్టారూ, నేను చాలాకాలం స్కోరర్ బల్ల దగ్గరా, తరువాత రిఫరీగానూ పనిచేశాను. నా గమనికలో నిబ్బరం అనేది స్వభావానికి సంబంధించినది కాదు, కాలాన్ని గురించిన తెలివిడి. ఎంత సమయం మిగిలి ఉంది, ఎదుటి జట్టు ఎన్ని ఫౌళ్ళు చేసింది, మనకు ఎన్ని టైమ్ అవుట్‌లు ఉన్నాయి అన్నవి తెలిసిన పిల్ల తొందరపడదు. తెలియని పిల్ల ఎంత ధైర్యవంతురాలైనా చివరి నిమిషంలో బంతిని గాలిలోకి విసిరేస్తుంది.

మన వైపు చాలా కోర్టుల్లో 24 సెకన్ల గడియారం (బంతి అందుకున్న జట్టు అంతలోపు షాట్ వేయాలి) ఆటగాళ్ళకు కనిపించేలా ఉండదు. బల్ల దగ్గర ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకొని లెక్కపెడతారు. అందువల్ల 24 సెకన్లు అంటే ఎంతసేపో పిల్లలకు ఒంటికి తెలియదు. ఎనిమిది సెకన్లలో సగం గీత దాటాలనీ, షాట్ రింగుకు తగిలి రీబౌండ్ (తప్పి వెనక్కి వచ్చిన బంతి) తిరిగి మనకే వస్తే మళ్ళీ 24 కాదు, 14 మాత్రమే దొరుకుతాయనీ వారికి నోటితో చెబితే చాలదు. సాధనలో బెంచ్ మీది అమ్మాయి చేత పైకి లెక్కపెట్టించండి.

ప్రతి సాధన చివరా ఒక పరిస్థితిని కల్పించి ఆడించడం ఇంకా మంచిది. ఉదాహరణకు స్కోరు సమానం, 38 సెకన్లు మిగిలాయి, బంతి మనది. ఆరు సెకన్లలో మంచి షాట్ దొరికితే వేసేయాలి. తరువాత ఎదుటివారు తమ 24 సెకన్లూ వాడుకున్నా మనకు మళ్ళీ ఎనిమిది సెకన్లు మిగులుతాయి. అదే మనం రెండు పాయింట్లు ముందుంటే నిర్ణయం మారుతుంది. ఒక క్వార్టర్‌లో ఎదుటి జట్టు నాలుగు ఫౌళ్ళు పూర్తి చేసిందంటే, ఆ తరువాత వారు డిఫెన్స్‌లో చేసే ప్రతి ఫౌల్‌కూ మనకు రెండు ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుపడకుండా వేసే ఒక్కో పాయింటు షాట్లు) వస్తాయి. అప్పుడు దూరం నుంచి షాట్ వేయడం కన్నా బంతితో లోపలికి చొచ్చుకుపోవడం మేలు. ఇటువంటివి తెలిసినప్పుడు పదహారేళ్ళ పిల్ల కూడా ముప్పై ఏళ్ళ క్రీడాకారిణిలా ఆడుతుంది.

టైమ్ అవుట్‌ల గురించి ఒక మాట. మొదటి అర్ధభాగంలో రెండు, రెండో అర్ధభాగంలో మూడు ఉంటాయి కాని, నాలుగో క్వార్టర్ చివరి రెండు నిమిషాల్లో రెండింటికి మించి వాడుకోలేము. దాచుకున్న మూడోది అక్కరకు రాకుండానే పోతుంది. మొన్న మీరు అడగకుండా వెనక్కి రావడం సరైన నిర్ణయమే కాని, చివరి రెండు నిమిషాలకు ముందే ఒకటి వాడుకోవడం మరచిపోకండి.

సమాధానం (గుణుపురం నుంచి)

పై మిత్రుని మాటతో ఏకీభవిస్తూనే, మీ మొదటి సందేహానికి నేను శ్రద్ధగా అనుసరించే ఒక జట్టు కథతో జవాబు చెప్పాలనిపిస్తోంది. అమెరికాలోని వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఓక్లహోమా సిటీ థండర్ 2021 డిసెంబరులో మెంఫిస్ చేతిలో 73 పాయింట్ల తేడాతో ఓడిపోయింది. ఆ లీగ్ చరిత్రలో అంత తేడాతో మరే జట్టూ ఓడలేదు. అదే కోచ్ మార్క్ డెగ్నాల్ట్ ఆధ్వర్యంలో, అప్పటి బృందంలోని ముఖ్యుల చుట్టూ కొత్త కుర్రాళ్ళను చేర్చుకుంటూ వచ్చిన ఆ జట్టు 2023-24 సీజన్‌లో 57 మ్యాచులు గెలిచి, తన కాన్ఫరెన్స్‌లో (లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) మొదటి స్థానం సాధించిన అతి పిన్న వయసు జట్టుగా నిలిచింది. నాయకుడు షే గిల్జియస్ అలెగ్జాండర్ ఎంత ఒత్తిడిలోనూ ఒకే వేగంతో నడిచే మనిషి. అతని నడకే తక్కినవారికి అలవాటైంది.

అయితే ఆ ఏడాది ప్లేఆఫ్స్ (టైటిల్ కోసం జరిగే చివరి పోటీలు) రెండో రౌండ్‌లో డాలస్ జట్టు థండర్‌ను 4-2 తేడాతో ఇంటికి పంపింది. ఆరో మ్యాచ్‌లో పెద్ద ఆధిక్యం చేజార్చుకొని, చివరి సెకన్లలో మూడు పాయింట్ల షాట్ వేస్తున్న ప్రత్యర్థిపై ఫౌల్ చేసి, 117-116తో ఓడారు. ఆ ఫౌల్ చేసింది మరెవరో కాదు, అంత నిదానస్థుడైన షే. మరుసటి ఏడాది 68 మ్యాచులు గెలిచి, ఫైనల్లో ఇండియానాను ఏడు మ్యాచుల్లో ఓడించి ఛాంపియన్లయ్యారు. 1977లో గెలిచిన పోర్ట్‌లాండ్ తరువాత అంత తక్కువ సగటు వయసుతో టైటిల్ సాధించిన జట్టు లేదు. ఆ ఫైనల్ మొదటి మ్యాచ్‌లోనే 0.3 సెకన్లు మిగిలి ఉండగా పడిన షాట్‌తో ఓడిన సంగతి చూడండి. మ్యాచ్ మొత్తంలో ఇండియానా ముందున్నది ఆ క్షణం ఒక్కటే. అటువంటి దెబ్బ తిని కూడా వారు చెదరలేదు.

కాబట్టి మీ పిల్లల్లో మీరు చూసింది నిజమే, కాని ఇంకా పరీక్షకు నిలవలేదు. ఓడిన మరునాటి సాధనలో వారు ఎలా ఉంటారో చూసినప్పుడే మీకు జవాబు దొరుకుతుంది.

మీ రెండో సందేహానికి కూడా అక్కడే ఒక ఆధారం ఉంది. థండర్ 2024 వేసవిలో తమ యువ ఆటగాడు జోష్ గిడ్డీని ఇచ్చి, అప్పటికే 2020లో ఛాంపియన్ జట్టులో ఆడిన అలెక్స్ కరూసోను తెచ్చుకుంది. కరూసో ఎక్కువగా బెంచ్ నుంచి వచ్చి డిఫెన్స్ బరువు మోశాడే గాని, బంతిని కుర్రాళ్ళ చేతిలోంచి తీసుకోలేదు. మీ పాత క్రీడాకారిణులు అటువంటి పాత్రకు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే తీసుకోండి. మొదటి అయిదుగురిలో చోటు కావాలంటే మాత్రం వద్దనే చెబుతాను.

సమాధానం (జయపురం నుంచి)

నాకు కొంత భిన్నాభిప్రాయం ఉంది. నిబ్బరం కోల్పోవడమని మనం పిలిచేదాంట్లో చాలా భాగం కాళ్ళ అలసట. కాళ్ళు అలసినప్పుడు డిఫెండర్ కదలడానికి బదులు చేయి వేస్తుంది, అది ఫౌల్ అవుతుంది. పాస్ ఇచ్చేటప్పుడు అడుగు ముందుకు వేయదు, బంతి దారిలోనే ఎదుటివారికి చిక్కుతుంది. ఫ్రీ త్రో రింగు ముందు అంచుకు తగిలి కింద పడుతుంది. బయటినుంచి చూసేవారు పిల్ల కంగారుపడిందని అంటారు. మా కొరాపుట్ కొండల మీద సాయంత్రం చల్లగా ఉంటుంది కనుక నలభై నిమిషాలు ఆడినా తట్టుకుంటారు. మీ పర్లాకిమిడి ఉక్కపోతలో సిమెంటు కోర్టు మీద అదే అయిదుగురిని ఆడిస్తే నాలుగో క్వార్టర్‌కు ఎవరి స్థిమితమైనా కరిగిపోతుంది. ఎనిమిది మందిని తిప్పి ఆడించడం సీజన్ మొదట్లోనే అలవాటు చేయండి. ఒకటి రెండు మ్యాచులు పోయినా ఇప్పుడే పోనివ్వండి.

ఇంకో సంగతి, దగ్గరి తేడాతో గెలిచిన రెండు మ్యాచులను బట్టి ఏదీ నిర్ధారించకండి. ఒక నోటుపుస్తకం పెట్టి, ఎదుటి జట్టు వరసగా రెండు బుట్టలు వేసిన వెంటనే మన తరువాతి దాడి ఎలా ముగిసిందో రాయించండి. మంచి షాట్ వేశామా, ఫౌల్ సంపాదించామా, బంతి పోగొట్టుకున్నామా అన్నది చాలు, షాట్ పడిందా లేదా అన్నది ముఖ్యం కాదు. సీజన్ సగానికి వచ్చేసరికి ఆ పుస్తకం మన అభిప్రాయాల కన్నా నమ్మదగినదవుతుంది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. జయపురం వారు చెప్పిన అలసట సంగతి నన్ను ఆలోచింపజేసింది. మా పాయింట్ గార్డ్ రెండు మ్యాచుల్లోనూ ఒక్కసారైనా బయటికి రాలేదు. ఆమెకు బదులుగా ఆడగల మరో అమ్మాయిని తయారుచేయడం నా మొదటి పని. మా పిల్లల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు, ఒడియా మాట్లాడేవారు, సవర మాట్లాడేవారు ఉన్నారు కనుక, కోర్టులో ఆదేశాలన్నీ చేతి సైగలతోనే నడుపుతున్నాము. ఆ సైగలు ఇంతవరకు ఒక్క అమ్మాయి చేతిలోనే ఉండడం మంచిది కాదని ఇప్పుడు అనిపిస్తోంది. పాత క్రీడాకారిణులను ప్రస్తుతానికి పోటీలకు కాక సాధనకు పిలుస్తాను. మా పిల్లలకు ఎదురుగా ఆడి, గట్టిగా ప్రెస్ చేయమని (కోర్టంతా వెంటపడి ఒత్తిడి పెట్టమని) అడుగుతాను.

ఒక్క విషయం అడగాలి. మూడు పాయింట్ల ఆధిక్యంతో చివరి సెకన్లలో ఉన్నప్పుడు, ఎదుటివారికి మూడు పాయింట్ల షాట్ దొరకకుండా కావాలని ఫౌల్ చేయించడం మా స్థాయిలో తగునా?

సమాధానం (బరంపురం నుంచి)

మీ స్థాయిలో వద్దండీ. 2025 ప్లేఆఫ్స్‌లో డెన్వర్‌తో మొదటి మ్యాచ్‌లో థండర్ కూడా ఆ దారి పట్టింది. అలా చేశాక ఫలితం ఫ్రీ త్రోల మీద ఆధారపడుతుంది. ఒక పాయింటు ముందుండగా థండర్ ఆటగాడు రెండు ఫ్రీ త్రోలు వేయలేకపోవడం, 2.8 సెకన్లు ఉండగా ఎదుటివారు మూడు పాయింట్ల షాట్ వేయడంతో 121-119తో ఓడిపోయారు. ప్లస్ టూ ఆడపిల్లల మ్యాచుల్లో చివరి నిమిషంలో, చేయి అడ్డుపెట్టిన డిఫెండర్ మీదుగా మూడు పాయింట్ల షాట్ పడడం అరుదు. అదీగాక షాట్ మొదలయ్యాక తగిలితే మూడు ఫ్రీ త్రోలు ఇచ్చినవారమవుతాము, అంటే సమానం చేసే అవకాశం మనమే చేతిలో పెట్టినట్టు. గీత బయటే ఎదురుగా నిలబడి, చేతులు పైకెత్తి, దూకకుండా డిఫెన్స్ చేయమనండి. రీబౌండ్‌కు మాత్రం అయిదుగురూ ఎదుటివారికి వీపుతో అడ్డుగా నిలబడాలి, ఎందుకంటే అటువంటి షాట్ తప్పినప్పుడు బంతి సాధారణంగా దూరంగా పడుతుంది.