పాలకొల్లు మేడ మీద సూర్యుడు: ఇది ఏ శైలి?

మా తాతయ్య కట్టించిన మేడకి గుండ్రటి బాల్కనీ, కిటికీల మీద సన్నటి సన్‌షేడ్లు, ముఖాన ఉదయించే సూర్యుడు, కింద 1938 అని అంకెలు. వీధిలో మిగతావన్నీ మండువా లోగిళ్లే. మావాళ్లు పడగొట్టేద్దామంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. ఈ తీరు ఎక్కడిది?

అమలాపురం ఇంజనీరు: ఆర్ట్ డెకో అనే కట్టడ శైలి అండీ! 1925 పారిస్ ప్రదర్శన పేరు మీదుగా వచ్చిన మాట. బొంబాయిలో ఆర్కిటెక్ట్ సొరాబ్జీ భేద్వార్ గీసిన ఈరోస్ సినిమా హాలు కూడా 1938లోనే తెరిచారు. మెరైన్ డ్రైవ్ మేడలూ ఆ కోవలోవే, 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. కాంక్రీటు వచ్చాకే గుండ్రటి మూలలు, కింద స్తంభం లేకుండా ముందుకు చాచిన బాల్కనీలు తేలికయ్యాయి. దయచేసి పడగొట్టనివ్వకండి.

భీమవరం నుంచి: గోడలు సున్నంవైతే సిమెంటు పూత వద్దు. మన డెల్టాలో నేల చెమ్మ గోడెక్కుతుంది. సున్నం దాన్ని బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బిగబట్టి ఇటుకని తినేస్తుంది.

అడిగినవారు: తాతయ్య బియ్యం వ్యాపారం మీద బొంబాయి వెళ్లేవారని నానమ్మ చెప్పేది! సున్నం పని తెలిసిన మేస్త్రి నరసాపురం వైపు ఎవరైనా ఉన్నారా?