హిందూ పేపర్ ఫ్రంట్ పేజీలో వార్తలేవి?

మొన్న ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కింద పసుపెక్కిన హిందూ పేపర్ దొరికింది, చూస్తే మొదటి పేజీ నిండా యాడ్సే, ఇదేంటి భయ్యా?

↳ అప్పట్లో అంతే అన్నా, 1958 దాకా ముందు పేజీ యాడ్స్‌దే. అసలు 1878లో మద్రాసులో వీక్లీగా మొదలైంది, ముత్తుస్వామి అయ్యర్‌ని హైకోర్టు జడ్జి చేస్తే ఇంగ్లీషోళ్ల పేపర్లు ఏడ్చాయి, ఆ మంటతో ఆరుగురు కుర్రాళ్లు అప్పు చేసి మరీ 80 కాపీలు కొట్టించారు. ఎనభయ్యే!

↳ తర్వాత వారానికి మూడుసార్లు, డైలీ అయ్యింది 1889లో. 1905లో కస్తూరి రంగ అయ్యంగార్ కొన్నాడు.

↳ థాంక్స్ అన్నలూ. మా నాన్న అయితే పొద్దున్నుంచి ఆ యాడ్స్‌లో తలనూనె రేట్లు చదువుతా కూర్చున్నాడు, పేపర్ నా చేతికిస్తే ఒట్టు.