బీసీజీ వేసిన చోట చీము పొక్కు: టీకాలోని సూక్ష్మజీవి బతికే ఉంటుందా?

ప్రశ్న (పసిపాప తల్లి):
మా పాపకు పుట్టిన రోజునే ఎడమ భుజానికి క్షయ రాకుండా బీసీజీ, తొడకు కాలేయ జబ్బు రాకుండా హెపటైటిస్-బి టీకాలు వేశారు. ఆరో వారంలో భుజం మీద కందిగింజంత పొక్కు లేచి, కొసన చీము పట్టింది. తొడ మీద మాత్రం ఏ గుర్తూ లేదు. పసుపు అద్దమని మా అత్తగారు, ఆయింట్‌మెంట్ రాయమని పక్కింటివారు అంటున్నారు. ఒక టీకాకు పొక్కు లేచి, రెండోదానికి ఎందుకు లేవలేదు? లోపలికి వెళ్లిన సూక్ష్మజీవి ఇంకా బతికే ఉందా?

జవాబు (విశ్రాంత నర్సు):
బీసీజీలోది బతికున్న జీవేనమ్మా. అది పశువులకు క్షయ తెచ్చే బాక్టీరియా. ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు 1908 నుంచి దానిని గ్లిజరిన్, పశువుల పైత్యరసం కలిపి ఉడికించిన బంగాళాదుంప ముక్కల మీద పెంచారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఊరు జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు కూడా పని ఆపకుండా, సుమారు మూడు వారాలకొకసారి కొత్త ముక్క మీదికి మారుస్తూ 13 ఏళ్లలో 230 సార్లు మార్చేసరికి, దాని జబ్బు చేసే సత్తువ ఉడిగిపోయింది. మేము ఈ టీకాకు ముందు భుజాన్ని స్పిరిట్‌తో తుడవం, తుడిస్తే ఆ జీవి చచ్చిపోవచ్చు. చర్మంలో అది మెల్లగా పెరుగుతుండగా రక్షణ కణాలు వచ్చి చుట్టుముట్టడమే ఈ పొక్కు. పసుపూ వద్దు, ఆయింట్‌మెంటూ వద్దు, పిండనే పిండవద్దు. దానంతటదే పగిలి, మాని, మచ్చగా మిగులుతుంది. చంకలో గడ్డ కట్టినట్లు తగిలితే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించండి.

జవాబు (మైక్రోబయాలజీ లెక్చరర్):
హెపటైటిస్-బి టీకాలో జీవి ఏదీ ఉండదు, వైరస్ పైపొరలోని ప్రోటీన్ ఒక్కటే ఉంటుంది. ఆ ప్రోటీన్ జన్యువును ఈస్ట్ కణాల్లోకి చొప్పించి, వాటిని పెద్ద తొట్టెల్లో పెంచి, పగలగొట్టి, ప్రోటీన్‌ను శుద్ధి చేస్తారు. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలోనే తొలిసారిగా ఈ పద్ధతిలో టీకా తయారుచేసి మార్కెట్లోకి తెచ్చింది. పెరిగే జీవే లేనప్పుడు పొక్కు లేవదు.

జవాబు (మరో సభ్యుడు):
బీసీజీ పసిపిల్లలకే అనుకునేవాణ్ని. మా నాన్నగారికి మూత్రాశయ కేన్సర్ గడ్డను తీసేశాక, అదే బాక్టీరియాను గొట్టం ద్వారా వారానికొకసారి చొప్పున ఆరు వారాలు మూత్రాశయంలోకి ఎక్కించారు. దానిపైకి వచ్చే రక్షణ కణాలు మిగిలిన కేన్సర్ కణాలనూ చంపుతాయట. ఎక్కించిన ప్రతిసారీ ఆరు గంటలపాటు, మూత్రానికి వెళ్లినప్పుడల్లా మరుగుదొడ్డిలో బ్లీచింగ్ ద్రావణం పోసి పావుగంట ఉంచమని చెప్పి పంపేవారు. అది బతికే ఉంటుందని మాకు అప్పుడే అర్థమైంది.