"సేవా క్షేత్రాన్ని సందర్శించాం": ఈ వాక్యం అక్కడ నప్పుతుందా?

పర్లాకిమిడి నుంచి:

సభ్యులందరికీ నమస్కారం. ఒక ఫొటో కింద వేయవలసిన వాక్యం మా ఇంట్లో ఎంతకీ తేలడం లేదు. పెద్దలు సాయం చేయాలి.

మా మామగారు వయసులో ఉన్నప్పుడు కెనడియన్ బాప్టిస్టు మిషన్ తరఫున ఒడిశా కొండల్లోని సెరంగో చుట్టుపక్కల సవర గిరిజనుల ఊళ్లలో సువార్త పరిచర్య చేశారు. ఆ మిషన్ వారు 1874లో కాకినాడలో పని మొదలుపెట్టి, ఉత్తరంగా విస్తరిస్తూ పర్లాకిమిడికి, ఇక్కడి నుంచి కొండల మీదికి వెళ్లారు. దొరలు, దొరసానులు ఎప్పుడో వెళ్లిపోయారు. సెరంగోలో వాళ్లు పెట్టిన ఆసుపత్రి పేరు చెబితే మాత్రం ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. మామగారు కూడా తర్వాత పర్లాకిమిడిలో స్థిరపడ్డారు. మోకాళ్ల నొప్పులతో చాలా కాలంగా అటు వెళ్లలేకపోయారు. మొన్న క్రిస్మస్ సెలవులకు అందరూ ఇంటికి చేరడంతో జీపు మాట్లాడుకుని, ఆయనను తీసుకుని కొడుకులు, కోడళ్లు, కూతురు, మనవలు అందరం ఆ ఊళ్లకు వెళ్లాం.

జీపు ఆగిన చోటి నుంచి ఊరి దాకా కాస్త ఎక్కుడు. కొడుకులిద్దరూ చెరో చేయి పట్టుకుని నడిపించారు. ఊళ్లోకి వెళ్లాక ఆయన ఎవరినీ "నీ పేరేమిటి" అని అడగలేదు. ముఖం దగ్గరగా చూసి, తండ్రి పేరో తాత పేరో చెప్పి, "వాళ్ల అబ్బాయివి కదూ" అని సవరలో అడిగారు. ఎక్కువసార్లు సరిపోయింది కూడా. ఫలానావాళ్లు పోయారని చెప్పినప్పుడు ఆ ఇంటి గుమ్మంలోకి వెళ్లి కూర్చున్నారు.

ఒక ఇంట్లో గుడ్డలో చుట్టి దాచిన నోటుపుస్తకం తెచ్చి చేతిలో పెట్టారు. ఆయన స్వయంగా తెలుగు లిపిలో రాసి ఇచ్చిన సవర పాటలు అవి. అంచులు ఎలుకలు కొరికాయి, సిరా వెలిసిపోయింది. ఆ ఇంటి పిల్లలు ఒడియా బడిలో చదివినవాళ్లు, వాళ్లకు తెలుగు అక్షరాలు రావు. మా పిల్లలకూ రావు. మామగారికి చూపు ఆనదు. ఇక నేనే కూడబలుక్కుంటూ చదివాను. నాకు ఒక్క మాటా అర్థం కాలేదు. సవరలో మాట చివర గొంతు పట్టేసినట్టు ఆపే ధ్వని ఒకటి ఉంది. దానికి తెలుగులో అక్షరం లేదు కాబట్టి ఆయన అక్షరం పక్కన చిన్న గీత పెట్టుకున్నారు. నేను ఆ గీతను వదిలేసి చదువుతుంటే ఒక ముసలమ్మ చేత్తో ఆపి, తాను పలికి చూపించి, నా చేత మళ్లీ పలికించింది. తర్వాతి పంక్తికి నా చదువుతో ఆమెకు పని లేకపోయింది. పాట అందుకుంది, పక్కింటివాళ్లు కూడా కలిశారు.

ఇప్పుడు అసలు సంగతి. మా సంఘం పత్రికవాళ్లు ఒక ఫొటో, దాని కింద ఒక వాక్యం ఇమ్మన్నారు. మా ఆడపడుచు "నాన్నగారి సేవా క్షేత్రాన్ని కుటుంబ సమేతంగా సందర్శించాం" అని రాసింది. మామగారు చదివించుకుని విని, "అదేమైనా జలపాతమా సందర్శించడానికి?" అన్నారు. "దర్శించాం" అని మార్చింది. "క్షేత్రాన్ని దర్శించడమంటే అరసవల్లి వెళ్లి వచ్చామని అనుకుంటారు" అన్నారు. మావారు "పరామర్శించాం" అన్నారు. "పరామర్శ అంటే పోయినవాళ్ల ఇళ్లకే. బతికున్నవాళ్ల మాటేమిటి?" అన్నారు. ఆయన మాత్రం ఏ మాటా చెప్పడం లేదు. మీరేమంటారు?

గుణుపురం నుంచి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు:

అమ్మా, మీ మామగారు కొట్టేసిన మూడింటినీ సరిగ్గానే కొట్టేశారు.

సందర్శించు అన్న క్రియకు ఈ రోజుల్లో కర్మగా వచ్చేది చోటు. మంత్రిగారు వరద ప్రాంతాన్ని సందర్శిస్తారు, విద్యార్థులు కర్మాగారాన్ని సందర్శిస్తారు. చూసినవాళ్లు చూసి వెళ్లిపోతారు, ఆ చోట ఉన్న మనుషులకు వాక్యంలో స్థానం ఉండదు. మీరు చెప్పినదంతా మనుషుల గురించే కదా. దర్శించు అన్నదానిలో చిన్నవారు పెద్దవారిని చూడటం ఉంది. దేవుణ్ణి, గురువును, రాజును దర్శిస్తాం. దానికి క్షేత్రం కూడా తోడైతే మరీ చిక్కు. మిషన్ పెద్దలు "ఫీల్డు" అనేవారు, ఇప్పటికీ అంటారు. దాన్ని తెలుగు చేసేటప్పుడు పొలం అనలేక క్షేత్రం అన్నారు. సంస్కృతంలో క్షేత్రమంటే పొలమే. తెలుగువాడి చెవికి మాత్రం అది శ్రీముఖలింగం, సింహాచలం.

పోయి చూసి రావడానికి తెలుగులో పాత మాట ఒకటుంది, చూపు. చుట్టపుచూపుగా వెళ్లాం అంటాం. పెళ్లిచూపులు అంటాం, కడచూపు అంటాం. బాలింతను చూడటానికి వెళ్తాం, జబ్బుపడినవాణ్ణి చూడటానికి వెళ్తాం. వీటిలో దేనిలోనూ కళ్లతో చూడటం ఒక్కటే ఉద్దేశం కాదు. వెళ్లడం, కూర్చోవడం, మంచిచెడ్డలు అడగడం, పెట్టింది తినడం అన్నీ కలిసి ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. అందుకే "చూసి వచ్చాం" అని రాయమంటాను.

రాయగడ నుంచి:

మాస్టారూ, క్షమించాలి. "చూసి వచ్చాం" అచ్చులో మరీ తేలికగా ఉంటుంది. సినిమా చూసి వచ్చాం, సంత చూసి వచ్చాం అన్నట్టు. ఒక మనిషి తన యౌవనమంతా ధారపోసిన చోటు గురించి రాసేటప్పుడు మాటకు కాస్త బరువు ఉండాలి కదా. సందర్శన వద్దనుకుంటే "పునర్దర్శనం" అనవచ్చు.

గుణుపురం నుంచి:

బాబూ, బరువు సంస్కృత సమాసంతోనే వస్తుందన్న వాదన పర్లాకిమిడి ఊరికి కొత్త కాదు. 1880లో అక్కడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడుగా చేరిన గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా ఆ వాదానికే జవాబు చెప్పారు. శిష్టులు నోటితో మాట్లాడే తెలుగు కాగితం మీదికి రావడానికి ఎందుకు పనికిరాదని అడిగారు. ఆ ప్రశ్నకు ఊతం ఆయనకు కొంత కొండల మీది నుంచే వచ్చిందని నా నమ్మకం. సవరలను తన ఇంట్లో ఉంచుకుని, వాళ్ల నోట విని ఆ భాష నేర్చుకున్నారు. వ్యాకరణం పుస్తకంలో కాక మనిషి నోట్లో ఉంటుందని ఆ పని చేసినవాడికి ఒకరు చెప్పనక్కరలేదు. తెలుగు లిపిలోనే సవర వాచకాలు తయారుచేశారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవర భాషలో చదువు చెప్పే బడి పెట్టమన్నారు. మా గుణుపురానికి చిన్న రైలు వచ్చిన 1931లోనే ఆయన సవర భాషా గ్రంథం అచ్చయింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలవడంతో ఊరు విడిచి రాజమండ్రి వెళ్లారు. సవర పని మాత్రం విడవలేదు, 1938లో నిఘంటువు వచ్చింది. ఈ అమ్మ చదివిన నోటుపుస్తకంలోని లిపి కూడా ఆ దారిలోదే.

మీరు చెప్పిన సినిమా, సంత సంగతికి వస్తే, అక్కడ తేలిక చేసింది క్రియ కాదు, దాని కర్మ. "ఊరు చూసి వచ్చాం" తేలిక. "వాళ్లను చూసి వచ్చాం" తేలిక కాదు. చేయవలసిందల్లా చోటును తీసేసి మనుషులను పెట్టడం.

సిరొంచ నుంచి:

మా వైపు ఇంకో రకం చిక్కు ఉంది. మా పిల్లలు మరాఠీ బడిలో "భేట్ దిలీ" (సందర్శించాం) అని నేర్చుకుని, తెలుగు రాసేటప్పుడు "ఊరికి భేట ఇచ్చాం" అంటారు. తెలుగులో భేటీ అంటే నాయకులు గదిలో కూర్చుని మాట్లాడుకోవడం. ప్రాణహిత అవతలి చుట్టాలు అది చదివి ఎవరికి ఏమిచ్చారని అడుగుతారు. మాస్టారు చెప్పిన చుట్టపుచూపు మా ఇళ్లలో ఇంకా బతికే ఉంది. నా ఓటు చూపుకే.

జయపురం నుంచి, లూథరన్ సంఘ కాపరి:

అందరికీ వందనాలు. మా సంఘం మూలం జర్మనీలోని బ్రెక్లం నుంచి 1882 ప్రాంతంలో కొరాపుట్ వైపు వచ్చిన మిషన్. కాబట్టి తాతల నాటి మిషన్ ఊళ్లకు కుటుంబాలు తిరిగి రావడం మాకు పరిచితమే. రెండు సంగతులు చెబుతాను.

మొదటిది పరామర్శ గురించి. ఒడియాలో ఆ మాటకు సలహా అని అర్థం. ఇక్కడి కార్యాలయాల గోడల మీద "పరామర్శ కేంద్ర" అని ఉంటే అది సలహా కేంద్రం. మా సంఘంలో ఒడియా చదువు చదివిన తెలుగు పిల్లలు "పరామర్శించాం" అన్నది చదివితే, ఊరికి వెళ్లి సలహాలు చెప్పి వచ్చారనుకుంటారు. పత్రిక చదివేది సరిహద్దు జిల్లాల వాళ్లు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

రెండోది నాకు చాలా ప్రీతిపాత్రమైనది. మీరు వెతుకుతున్న మాట తెలుగు బైబిలులో, సరిగ్గా ఇటువంటి ప్రయాణం గురించే ఉంది. అపొస్తలుల కార్యములు 15:36లో పౌలు బర్నబాతో అంటాడు, తాము సువార్త చెప్పిన పట్టణాల్లోని సహోదరుల యొద్దకు "తిరిగి వెళ్లి, వారేలాగున్నారో మనము చూతము" అని. పాత పరిచర్య ఊళ్లకు తిరిగి వెళ్లడానికి ఇంతకంటే పాత సాక్ష్యం మన దగ్గర లేదు.

అక్కడ గ్రీకులో ఉన్న క్రియ ఎపిస్కెప్టొమాయ్. అంటే వెళ్లి చూడటం, బాగోగులు కనుక్కోవడం. కొత్త నిబంధనలో అదే క్రియ మరికొన్ని చోట్ల వస్తుంది. దాన్ని తెలుగు చేసినవారు చోటును బట్టి మాట మార్చారు. లూకా 1:68లో దేవుడు ప్రజల దగ్గరకు వస్తే "దర్శన మనుగ్రహించి" అన్నారు. మన దేశంలో దర్శనం భక్తుడు చేసేది, ఇక్కడ దేవుడే అనుగ్రహిస్తున్నాడు. యాకోబు 1:27లో దిక్కులేని పిల్లలనూ విధవరాండ్రనూ వారి ఇబ్బందిలో "పరామర్శించుట" అన్నారు. మత్తయి 25:36లో "రోగినై యుంటిని, నన్ను చూడవచ్చితిరి". అపొస్తలుల కార్యములు 7:23లో మోషేకు తన సహోదరులను "చూడవలెనన్న" బుద్ధి పుడుతుంది. ఇక 15:36లో "చూతము".

నాకు కనిపించేది ఇది. పైనుంచి దిగి వస్తే దర్శనం, కష్టంలో ఉన్నవారి దగ్గరకు వెళితే పరామర్శ, సహోదరుల దగ్గరకు వెళితే చూడటం. మోషేకూ పౌలుకూ ఒకే మాట పడటం ఊరికే జరిగిందని నేను అనుకోను. మిషన్ చరిత్రలో కొండవాళ్లను ఎప్పుడూ దిక్కులేనివారుగానే చూపే రాతలు చాలా చదివాను, చదివిన ప్రతిసారీ బాధపడ్డాను. పరామర్శ అన్న మాటను మీ మామగారు వద్దనడంలో ఆ పట్టింపు కూడా ఉండి ఉంటుంది. ఆయన అక్కడ ఉన్నవాళ్లను సహోదరుల లెక్కలో చూశారు.

ఇంకో మాట. ఆ 15వ అధ్యాయంలోనే, ప్రయాణం మొదలు కాకముందే, మార్కును వెంట తీసుకువెళ్లాలా వద్దా అన్నదాని మీద పౌలుకూ బర్నబాకూ తీవ్రమైన వివాదం వచ్చి, చెరో దారిన వెళ్లారు. పాత ఊరికి వెళ్లే ప్రయాణమంటే ఎవరెవరు రావాలన్నది అప్పుడూ తేలిక విషయం కాలేదు. మీ ఇంటిల్లిపాదీ ఒకే జీపులో వెళ్లి రావడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

రాయగడ నుంచి:

అయ్యగారూ, పునర్దర్శనం మాట వెనక్కి తీసుకోను గానీ, ఈ వాక్యానికి అది వద్దు. సహోదరుల సంగతి నాకు తట్టలేదు. ఒక సందేహం. "చూతము" ఇప్పుడు రాయలేం కదా. "చూద్దాం" అని రాస్తే ఇంకా వెళ్లనట్టు ఉంటుంది.

గుణుపురం నుంచి:

జరిగిన పని కాబట్టి "చూసి వచ్చాం" సరిపోతుంది. వచనంలోని అసలు బలం మాత్రం "వారేలాగున్నారో" అన్న ప్రశ్నలో ఉంది, దాన్ని వదలకూడదు. పౌలు తాను చేసిన పని ఎలా ఉందో చూద్దామనలేదు, వాళ్లెలా ఉన్నారో చూద్దామన్నాడు. "ఎలా ఉన్నారో చూసి వచ్చాం" అనండి. "ఎలాగున్నారో" పాత వాసన వేస్తుంది. అది మీ మామగారి ఇష్టం.

జయపురం నుంచి:

ఒడియాలోనూ ఇదే అల్లిక కుదురుతుంది. "దేఖి ఆసిలు" అంటే మాటకు మాట "చూసి వచ్చాం". ఊరి పిల్లల కోసం ఒడియా వాక్యం కూడా వేయదలిస్తే రాసి పంపుతాను.

పర్లాకిమిడి నుంచి:

మాస్టారికి, అయ్యగారికి, అందరికీ కృతజ్ఞతలు. ఇదంతా మామగారికి చదివి వినిపించాను. 15:36 దగ్గర ఆపమని, తానే ఆ వచనం చూడకుండా పూర్తిగా చెప్పారు. పరామర్శ గురించి అయ్యగారు అన్నదానికి, "ఆ అమ్మ నాకు అన్నం పెట్టిన మనిషి, నేను ఆమెను పరామర్శించడమేమిటి" అన్నారు. నా చేత పాట పలికించిన ముసలమ్మ గురించే ఆ మాట. జ్వరంతో పడి ఉన్నప్పుడు చోడి (రాగి) అంబలి కాచి పోసిందట. అక్కడికి వెళ్లినప్పుడు కూడా ఈ సంగతి మాకు చెప్పలేదు.

వాక్యం ఇలా తేలింది: "నాన్నగారితో కలిసి వెళ్లి, సెరంగో వైపు మనవాళ్లు ఎలా ఉన్నారో చూసి వచ్చాం." "మనవాళ్లు" ఆయన చేర్చినది. "సేవా క్షేత్రం" ఆయనే తీసేయించారు. మా ఆడపడుచుకు "కుటుంబ సమేతంగా" పోయిందని కాస్త బాధగా ఉంది, ఫొటోలో కనిపిస్తున్నాం కదా అని నచ్చజెప్పాం.

అయ్యగారూ, ఒడియా వాక్యం తప్పకుండా పంపండి, తెలుగు వాక్యం కిందనే వేస్తాం. ఫొటోలో ఎడమ నుంచి కుడికి ఊరివాళ్ల పేర్లన్నీ రాసి, ఆ తర్వాతే మా పేర్లు రాయాలని మామగారి షరతు. రెండు పేర్లు మాకు సరిగా వినపడలేదు, రేపు ఉదయం ఆ ఊరికి ఫోను చేసి కనుక్కుని పత్రికకు పంపుతాం.