చేత్తో కుట్టిన లోఫర్లు, బూట్లు: ఏ సైజు ఆర్డర్ పెట్టాలో తేలడం లేదు

నాషువా_శీను

అందరికీ నమస్తే. నేనుండేది న్యూ హాంప్‌షైర్‌లో, నాషువా. మొన్న అక్టోబర్‌లో చెట్ల రంగులు చూద్దామని మెయిన్ రాష్ట్రం వైపు వెళ్లినప్పుడు ఒక షాపులో చేత్తో కుట్టిన లోఫర్లు, అదే లేసుల్లేకుండా కాలు దూర్చేసే తోలు షూలు, పట్టుకుని చూశాను, ఇక అప్పటి నుంచి మనసు అక్కడే ఉండిపోయింది. ఒక జత లోఫర్లు, ఒక జత చీలమండ దాకా వచ్చే లేసు బూట్లు, రెండూ ఒకేసారి ఆర్డర్ పెడదామనుకుంటున్నా. ఆర్డర్ వచ్చాకే కుడతారట, వెనక్కి తీసుకోరట. టెన్షన్ అంతా అక్కడే.

ఇండియాలో ఉన్నన్నాళ్లూ నాది 8. ఇక్కడికొచ్చాక స్నీకర్లు తొమ్మిదిన్నర వేస్తున్నా. ఆఫీసుకని ఒక లెదర్ షూ 9 కొంటే వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ, కానీ పక్కన చిటికెన వేలు మాత్రం నొక్కుకుపోయి సాయంత్రానికి ఎర్రబడుతుంది, మడమేమో అడుగు అడుగుకీ జారుతుంది. పదో తరగతి దాకా ఊళ్లో సగం రోజులు చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్లు కదా, ముందు భాగం చేటంత, మడమ సన్నం. ఇంతకుముందు ఒక ఆన్‌లైన్ కంపెనీ దగ్గర వాళ్ల చార్టు చూసి తెప్పించిన బూట్లు రెండుసార్లు వేసి అటక మీద పడేశా.

ఇప్పుడు 9 పెట్టాలా, తొమ్మిదిన్నరా, రెండిటికీ ఒకటే సైజా? తెలిసినవాళ్లు చెప్పండి. అన్నట్టు అమ్మకి ఫోన్లో "లోఫర్లు కొంటున్నానే" అంటే "ఎవర్రా వాళ్లు?" అంది.

తోలుపిచ్చి

శీను గారూ, ముందు ఆ తొమ్మిదిన్నరని మర్చిపోండి. స్నీకర్ సైజుకీ మీ పాదానికీ సంబంధం తక్కువ, లోపల అంతా స్పాంజి ఉంటుంది కాబట్టి అందరం ఒక సైజు పెంచి కొంటాం.

మీరు చేయాల్సింది ఒక్కటే. పాత తరహా షూ షాపుకి వెళ్లి బ్రాన్నాక్ మీద నిలబడండి. అదే, పాదం కొలిచే లోహపు పలక మీద జారే పట్టీలుంటాయి చూశారా, న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో చార్లెస్ బ్రాన్నాక్ అనే ఆయన 1920లలో తయారుచేశాడు, నేటికీ దాన్ని మించింది రాలేదు. కూర్చుని కాదు, నిలబడి, బరువు రెండు కాళ్ల మీదా వేసి. పొద్దున కాదు, సాయంత్రం, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. రెండు కాళ్లూ కొలిపించుకోండి, ఎవరికైనా ఒకటి కొంచెం పెద్దదే.

అది మూడు కొలతలు ఇస్తుంది. మడమ నుంచి వేళ్ల కొస దాకా ఒకటి, మడమ నుంచి బొటనవేలి మొదట్లో ఉబ్బుగా ఉండే ఎముక దాకా ఒకటి, వెడల్పు ఒకటి. షాపుల్లో చాలామంది మొదటిది చూసి వదిలేస్తారు. రెండోదీ అడిగి చూపించమనండి. మొదటి రెండిట్లో ఏది పెద్దదైతే అదే మీ సైజు. వెడల్పు అక్షరాల్లో ఉంటుంది, మగవాళ్లకి మామూలు డి, ఆపైన ఇ, డబుల్ ఇ, ట్రిపుల్ ఇ.

లెక్క కావాలంటే: పాదం సరిగ్గా 10 అంగుళాలు, అంటే 254 మి.మీ. ఉంటే ఆ పలక మీద మగవాళ్ల 8. ఒక్కో సైజుకీ అంగుళంలో మూడో వంతు తేడా, ఎనిమిదిన్నర మి.మీ. దగ్గర. ఇండియాలో మనం వాడేది యూకే నంబరు. అక్కడా ఒక్కో సైజుకీ అంతే తేడా, లెక్క మొదలయ్యే చోటే వేరు, అందుకే మన 8 ఇక్కడ 9 దగ్గరికి వస్తుంది. యూరప్ నంబర్లు ఇంకో లోకం, ఒక్కో అంకెకీ 6.67 మి.మీ. ఇప్పుడు వాటి జోలికి వెళ్లకండి.

నా అనుమానం చెప్పనా? మీరు 9 కాదు. వెడల్పు చాలక జీవితమంతా పొడవు పెంచుకుంటూ వచ్చారు. ఇండియా షాపుల్లో ఒక సైజుకి ఒకటే వెడల్పు పెడతారు కదా, బిగుతుగా ఉందంటే కుర్రాడు లోపలికెళ్లి ఒక నంబరు పెద్దది తెచ్చేవాడు, మనమూ సరే అనేవాళ్లం.

అమ్మగారి సందేహం న్యాయమైనదే. 1936లో మెయిన్‌లోనే జి.హెచ్. బాస్ కంపెనీ నార్వే వాళ్ల షూ చూసి ఈ రకం లోఫర్ చేసి, నార్వీజియన్ అన్న మాటలో తల కత్తిరించి వీజన్స్ అని పేరు పెట్టింది. ఈసారి వీజన్స్ అని చెప్పండి, గొడవ ఉండదు.

నాషువా_శీను

అన్నా, దండం. శనివారం వెళ్లి కొలిపించుకున్నా. పెద్దాయన ఒకరు ఓపిగ్గా రెండు కాళ్లూ చూశారు. వేళ్ల దాకా 8. ఎముక దాకా ఎనిమిదిన్నర. వెడల్పు డబుల్ ఇ! ఆ అక్షరం ఒకటుందని నాకు ముప్పై ఆరేళ్లకి తెలిసింది. అంటే స్నీకర్లు ఒక సైజు పెద్దవి వేసుకు తిరుగుతున్నానా ఇన్నాళ్లూ? మరి ఇప్పుడు లోఫర్లకి ఎనిమిదిన్నర డబుల్ ఇ పెట్టేయనా? కొందరు లోఫర్లకి అర సైజు తగ్గించమని రాస్తున్నారు, అదొకటి అర్థం కాలేదు.

తడ_లాస్టింగ్‌లైన్

నేను తడ దగ్గర స్పోర్ట్స్ షూ ఫ్యాక్టరీలో లాస్టింగ్ లైన్ మీద నాలుగేళ్లు, తర్వాత రాణిపేటలో తోలు షూల వైపు పనిచేశాను. అర సైజు తగ్గించడం ఎందుకో చెప్తా.

మామూలు షూలో పై తోలు వేరు, అడుగున పాదం ఆనే ఇన్‌సోల్ వేరు. తోలుని లాస్ట్ మీద, అంటే కాలి ఆకారంలో ఉండే అచ్చు మీద, కిందికి లాగి ఇన్‌సోల్‌కి పట్టిస్తారు. చేత్తో కుట్టే అసలైన మొకాసిన్, అంటే మీరు చూసిన లోఫర్ల రకం, దీనికి తిరగేసినట్టు. తోలు ముక్క అడుగు నుంచి మొదలై రెండు పక్కలా పైకి లేస్తుంది, పాదాన్ని దొప్పలో పెట్టినట్టు. పైన వేళ్ల మీద మూత లాంటి ఇంకో ముక్క. ఈ రెండిటినీ తోలు తడిగా ఉండగా అచ్చు మీద పెట్టి, ఆరెతో బెజ్జం పొడిచి, మైనం పట్టించిన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు పెట్టి, ఒకే బెజ్జంలోంచి ఎదురెదురుగా లాగి బిగిస్తారు. వేళ్ల దగ్గర కుచ్చిళ్లు వస్తాయి చూడండి, మూత కన్నా అంచు పొడవెక్కువ కాబట్టి దాన్ని సర్దుతూ కుట్టినందుకు వచ్చినవి. మెషీన్ మీద ఉత్తుత్తి కుట్టు వేసి అమ్మేవీ ఉన్నాయి. లోపల లైనింగ్ లేని జత అయితే వేలు పెట్టి తడమండి, దారం లోపలి వైపూ తగలాలి.

ఇలా కుట్టినదాంట్లో ముందు భాగాన తోలుని గట్టిగా పట్టి ఉంచే సరంజామా తక్కువ. చాలా జతలకి లైనింగ్ ఉండదు. పైగా ఎక్కువమంది వాడేది షికాగోలో తోళ్లు శుద్ధి చేసే హార్వీన్ కంపెనీ వాళ్ల క్రోమెక్సెల్, నూనెలూ మైనాలూ బాగా పట్టించిన తోలు, వంచితే అక్కడ రంగు తేలిపోతుంది చూశారా అదే. అది సాగుతుంది. పక్కలకి సాగుతుంది, పొడవుకి సాగదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. మొదటి రోజే హాయిగా ఉన్న లోఫర్ మూడు నెలలకి చెప్పులా టపటపలాడుతుంది, లేసు కూడా ఉండదు బిగించడానికి. అదే గుర్రం తోలు, షెల్ కార్డోవాన్ అంటారు, అదైతే పెద్దగా సాగదు, దాంట్లో బిగుతు కొని సాగుతుందిలే అని కూర్చోకూడదు.

కానీ తమ్ముడూ, "అందరూ అర సైజు తగ్గించండి" అనే మాటకి నేను ఒప్పుకోను. అది కంపెనీని బట్టి కూడా కాదు, ఒక్కో మోడల్‌కి వాడే లాస్ట్‌ని బట్టి ఉంటుంది. ఒకే కంపెనీలో రెండు లాస్ట్‌లు రెండు రకాలుగా పడతాయి. కాబట్టి బ్రాన్నాక్ కొలతలు మూడూ రాసి, సాయంత్రం పూట తెల్లకాగితం మీద నిలబడి పెన్సిల్ నిలువుగా పట్టి పాదం చుట్టూ గీయించి, దాని ఫోటో పెట్టి, "ఈ మోడల్ లాస్ట్‌కి ఏ సైజు" అని వాళ్లకే మెయిల్ చేయండి. ఆర్డర్ మీద కుట్టేవాళ్లకి రోజూ ఉండే గొడవే ఇది, జవాబిస్తారు. మోడల్ పేరు రాయకుండా అడిగితే మాత్రం ఊరికే చార్టు పంపుతారు.

మన పాదాలు వెడల్పనేది ఊరికే అనుకునే మాట కూడా కాదు. చెన్నైలో కేంద్ర తోలు పరిశోధన సంస్థ, సీఎల్‌ఆర్‌ఐ, దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలు కొలిచి, 'భ' అని మనకంటూ ఒక సైజు పద్ధతి ప్రతిపాదించింది.

జయ_వూస్టర్

నాకు ఇదంతా ఒక్క మాటలో అర్థమైంది. గాజులు! గాజులమ్మే ఆమె మణికట్టు చూసి సైజు ఇవ్వదు, పిడికిలి నొక్కి చూసి ఇస్తుంది. ఎక్కేదాకా కాస్త పట్టి పట్టి ఉండాలి, ఎక్కాక నొప్పి ఉండకూడదు, వదులైతే పని చేస్తుంటే జారి పగులుతుంది. షూకి ఆ పిడికిలి చోటే తోలుపిచ్చి గారు చెప్పిన బొటనవేలి ఎముక. షూ వంగేది అక్కడ, మీ కాలూ సరిగ్గా అక్కడే వంగాలి. రెండూ ఒకచోట పడకపోతే ముందు ఎంత ఖాళీ ఉన్నా పక్కన నొక్కుతుంది, శీనుకి జరిగింది అదే.

బూట్ల సంగతి ఎవరూ రాయలేదు, నేను రాస్తా. ఆరేళ్ల నుంచి ఒక చేతికుట్టు జత వేస్తున్నా. లేసు ఉంది కాబట్టి లోఫరంత బిగుతు అక్కర్లేదు, ఉండకూడదు కూడా, చలికాలం ఉన్ని మేజోళ్లు ఎక్కాలి. కొలిపించుకునేటప్పుడు ఆ మేజోళ్లే వేసుకు వెళ్లాలి, నేను పల్చటివి వేసుకెళ్లి తప్పు చేశాను. కొత్తలో మడమ కొంచెం లేస్తుంది, పావు అంగుళం దాకా కంగారు పడకండి, అడుగు వంగడం మొదలయ్యాక తగ్గుతుంది. మీగాలి మీద లేసు బెజ్జాల వరసలు రెండూ ఒకదానికొకటి తగిలిపోతే మాత్రం బూటు పెద్దదైనట్టే, తర్వాత తోలు సాగితే బిగించడానికి చోటుండదు.

ఇక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పు తోలుకి శత్రువు. ఇంటికి రాగానే తడిగుడ్డతో తుడవాలి. తెల్లటి చార పడితే నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి తుడిస్తే పోతుంది. తడిసినవి హీటర్ దగ్గర పెట్టొద్దు, మా ఆయన ఒకసారి ప్రేమతో పెట్టి తోలు అప్పడంలా చేశారు.

ఇంకొకటి, నవ్వకండి. యాష్‌లాండ్ లక్ష్మీ గుడికి జనవరిలో లేసు బూట్లతో వెళ్లి, వెనక ఇరవై మంది నిలబడి ఉండగా వంగి విప్పుకోవడం ఒక పరీక్ష. మనవాళ్ల ఇళ్లకి భోజనానికి వెళ్లినా గుమ్మం దగ్గరే విప్పాలి. మన బతుక్కి లోఫరే సరిపోతుంది, ముందు అది కొని తర్వాత బూట్లు చూడమంటాను.

వాన_హైదరాబాద్

నాదొక ఎదురు మాట. అంత డబ్బు పోసి తెప్పించుకున్నాక ఇండియాకి తిరిగొస్తే ఏంటి పరిస్థితి? నేను అలాగే క్రోమెక్సెల్ జత తెచ్చుకుని జులైలో పెట్టెలో పెట్టి ఊరెళ్లొస్తే పచ్చటి బూజు. దులిపి, తుడిచి, నీడలో గాలికి ఆరబెట్టి బతికించా. ఇప్పుడు వానాకాలం అంతా పెట్టెలో పెట్టకుండా గాలి తగిలేలా ఉంచుతా, లోపల దేవదారు చెక్క అచ్చులు పెట్టి, రెండు రోజులు వరసగా వేయకుండా.

ఇంకో మాట, లోఫర్ వదులైతే మడమ దగ్గర ప్యాడ్ అతికించమని అందరూ చెప్తారు. ముందు షూ నాలుక కింద, అంటే మీగాలి మీద ఆనే తోలు ముక్క కింద, అతికించి చూడండి, పాదాన్ని వెనక్కి నెడుతుంది, మడమ దానంతటదే కూర్చుంటుంది. మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన నేర్పిన చిట్కా, ఇరవై రూపాయలు తీసుకున్నాడు.

తోలుపిచ్చి

తడ అన్న చెప్పింది నిజం, లాస్ట్ తెలియకుండా అర సైజు తగ్గించమని నేనైనా అనకూడదు. నాకున్న నాలుగు జతల్లో రెండు తగ్గించాను, ఒకటి తగ్గించలేదు, నాలుగోది తగ్గించి అనుభవిస్తున్నా. అది మా తమ్ముడికి పంపేస్తా.

నాషువా_శీను

రెండు నెలల తర్వాత వచ్చా, క్షమించండి. గీసిన కాగితం ఫోటో పెట్టి మెయిల్ చేస్తే రెండు రోజుల్లో జవాబిచ్చారు. లోఫర్‌కి 8 డబుల్ ఇ, బూట్లకి ఎనిమిదిన్నర డబుల్ ఇ అన్నారు. 8 అని చూసి చెయ్యి వణికింది గానీ పెట్టేశా.

లోఫర్లు వచ్చిన మొదటి వారం షూహార్న్, అదే మడమ జారేందుకు పెట్టే గరిటె లాంటిది, అది లేకుండా ఎక్కలేదు, మీగాలి మీద గీత పడింది, ఇంట్లోనే కార్పెట్ మీద గంట గంట చొప్పున వేసుకు తిరిగా. కుడికాలు రెండో వారానికి సర్దుకుంది, ఎడమది నిన్నటికి. చిటికెన వేలు ఎర్రబడటం లేదు! బూట్లు మొదటి రోజు నుంచే బాగున్నాయి, మడమ కొంచెం లేస్తోంది, జయ అక్క చెప్పారని పట్టించుకోవడం లేదు. గుడికి మాత్రం లోఫర్లే.

వీడియో కాల్‌లో అమ్మకి చూపించా. వేళ్ల మీద కుట్లు, కుచ్చిళ్లు కాసేపు దగ్గరగా చూసి, "కొత్తవంటివి కదరా, అప్పుడే ఎక్కడ చిరిగిందీ?" అంది.