హెచ్‌1బీ మీద ఏఆర్ పిస్టల్ కొందామనుకుంటున్నా, రేంజ్‌కీ ఇంటికీ పనికొస్తుందా?

ఇర్వింగ్ కొత్తబ్బాయి:
అందరికీ నమస్తే. డాలస్ వచ్చి ఏడు నెలలైంది, హెచ్‌1బీ, అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు, నేనూ మా ఆవిడా రెండేళ్ళ పాపా. పోయిన నెల మా టీమ్‌లో ఒకతను రేంజ్‌కి తీసుకెళ్ళాడు, అతని ఏఆర్ పిస్టల్, అంటే ఏఆర్ రైఫిల్‌కే పొట్టి రూపం, నా చేతికిచ్చి ఒక పది రౌండ్లు కాల్పించాడు, పదిన్నర అంగుళాల బ్యారెల్, వెనకాల చేతికి ఆసరాగా ఉండే బ్రేస్, భలే ఉంది, అప్పట్నుంచి మనసంతా దాని మీదే. పైగా మా కాంప్లెక్స్‌లో దీపావళికి ముందు రెండిళ్ళల్లో దొంగలు పడ్డారు, రెండూ మనవాళ్ళ ఇళ్ళే, బంగారం ఎత్తుకెళ్ళారు. శని ఆదివారాలు రేంజ్‌కీ, మిగతా రోజులు ఇంటికీ ఒకటే తుపాకీ సరిపోతుందని నా ఆలోచన. తూటా సైజు 5.56 తీసుకోనా, .300 బ్లాకౌట్ తీసుకోనా? వెయ్యి డాలర్ల లోపు. గురి చూసుకోవడానికి పైన బిగించే ఆప్టిక్ కూడా చెప్పండి ప్లీజ్.

ప్లేనో బాబాయ్:
అబ్బాయ్, ఆప్టిక్ సంగతి తర్వాత, ముందు నువ్వు కూర్చుని మంచినీళ్ళు తాగు. హెచ్‌1బీ అంటే నాన్ ఇమిగ్రెంట్ వీసా. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద దేశంలోకి వచ్చినవాడు తుపాకీ కొనడమే కాదు, చేత్తో పట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, తూటాకీ అదే రూలు. రేంజ్‌లో పది నిమిషాలు అద్దెకి తీసుకున్నా, ఫ్రెండ్‌ది పట్టుకున్నా అంతే. ఎఫ్1, ఎల్1, హెచ్4 అందరికీ ఇదే. శిక్ష పదేళ్ళ దాకా ఉండేది, 2022లో చట్టం మార్చి 15 ఏళ్ళు చేశారు. జైలు సంగతి పక్కన పెట్టు, తుపాకీ కేసులో దోషివని తేలితే డిపోర్టేషన్, గ్రీన్ కార్డ్ లైన్‌లో నిలబడ్డ ఏళ్ళన్నీ గోదాట్లో కలిసినట్టే. 22 ఏళ్ళ నుంచి ఇక్కడున్నా, మనోళ్ళల్లో నూటికి తొంభైమందికి ఈ ముక్క తెలీదు, టీమ్ ఔటింగ్ అనగానే ఎగేసుకుంటూ రేంజ్‌కి పోతారు. నువ్వు మళ్ళీ పోమాక.

హ్యూస్టన్ అన్న:
బాబాయ్ చెప్పింది సగమే. హంటింగ్ లైసెన్స్ ఉంటే పర్మిషన్ ఉంటది. అదే చట్టంల రాసి ఉంది, అమెరికాల ఏ రాష్ట్రమిచ్చిన హంటింగ్ లైసెన్స్ అయినా చేతిల ఉంటే ఆ నిషేధం వర్తించదు. నేను హెచ్‌1 మీదున్నప్పుడు గట్లనే కొన్న. తమ్ముడూ, టెక్సస్‌ల ఆర్నెల్లు దాటినవు కాబట్టి రెసిడెంట్ లైసెన్స్ 25 డాలర్లే. 1971 సెప్టెంబర్ 2 తర్వాత పుట్టినోళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ చెయ్యాలె, పెద్దోళ్ళు ఆన్‌లైన్‌ల చేసుకోవచ్చు. షాపుల తుపాకీ కొనేటోళ్ళు నింపే 4473 ఫారం ఇస్తరు, అందుల నాన్ ఇమిగ్రెంటా అంటే అవునని రాయాలె, మినహాయింపు ఉందా అన్నదానికీ అవునని రాసి లైసెన్స్ కాపీ పెట్టాలె. ఐ94 (దేశంలకు వచ్చిన రికార్డు) నంబర్ కూడ అడుగుతరు. మనకు ఇమిగ్రేషన్ రికార్డు కూడ చూస్తరు కాబట్టి ఒక్కోసారి వెంటనే క్లియర్ గాదు, డిలే అని వస్తది, పరేషాన్ గాకు.

ప్లేనో బాబాయ్:
ఆ లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోద్ది, ఆ సంగతి చెప్పవేందయ్యా? సెప్టెంబర్ ఒకటిన రెన్యూ చెయ్యడం మర్చిపోతే బీరువాలో ఉన్న తుపాకీ ఆ పొద్దుటికి నేరమైపోద్ది. నువ్వు కొట్టంగానే పక్షి పడ్డట్టు చెప్తున్నావు.

హ్యూస్టన్ అన్న:
ఫోన్‌ల రిమైండర్ పెట్టుకుంటే అయిపాయె బాబాయ్. కార్ రిజిస్ట్రేషన్‌కి పెట్టుకుంటలేమా?

ప్లేనో బాబాయ్:
కార్ రిజిస్ట్రేషన్ మర్చిపోతే టికెట్ ఇస్తారు. రెండూ ఒకటేనా?

ఫ్రిస్కో అక్క:
మీరిద్దరూ ఒక్క నిమిషం ఆగండి. తమ్ముడూ, నీ పోస్ట్‌లో ఒక విషయం ఎవరూ పట్టించుకోలేదు. ఆ రెండిళ్ళల్లో దొంగలు పడ్డప్పుడు ఆ ఇళ్ళవాళ్ళు ఇంట్లో ఉన్నారా? నాకు తెలిసి ఇలాంటివన్నీ వాళ్ళు గుడికో పార్టీకో ఇండియాకో వెళ్ళినప్పుడు జరిగేవే. మనిళ్ళల్లో బంగారం ఉంటుందని వాళ్ళకి తెలుసు, గుమ్మం ముందు చెప్పులూ ముగ్గూ తోరణం చూస్తే చాలు. నువ్వు లేనప్పుడు వచ్చే దొంగకి నీ తుపాకీ ఏం చేస్తుంది చెప్పు, బంగారంతో పాటు దాన్నీ పట్టుకుపోతాడు, అది ఇంకా విలువైన సరుకు వాడికి. నేను చేసిందేంటంటే బంగారం బ్యాంక్ లాకర్‌లో పడేశా. తలుపు గొళ్ళెం ఎదురుగా ఫ్రేమ్‌కి కొట్టే రేకు ఉంటుంది కదా, దానికి బిల్డర్ అర అంగుళం స్క్రూలు కొడతాడు, అవి తీసేసి మూడంగుళాలవి పెట్టించా, ఒక్క తన్నుకి ఊడకుండా. పది డాలర్ల పని. కెమెరా ఎలాగూ అందరికీ ఉంది.

ఇర్వింగ్ కొత్తబ్బాయి:
ఇద్దరూ ఊళ్ళో లేనప్పుడే అక్కా. ఒకళ్ళు ఇండియా వెళ్ళారు. నేనసలు అటువైపు ఆలోచించలేదు. బాబాయ్, రేంజ్‌లో పట్టుకుంటేనే నేరమా? వాళ్ళు ఏదో ఫారం ఇచ్చారు, చదవకుండా సంతకం పెట్టేశా.

ప్లేనో బాబాయ్:
ఆ ఫారంలోనే అడిగుంటారు ఈ మాట. 2019 నాటి సుప్రీంకోర్టు రెహైఫ్ కేసు చూడు, స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడా వచ్చిన కుర్రాడు, చదువు మానేశాక స్టేటస్ పోయింది, రేంజ్‌కి పోయి కాల్చాడు, కేసు పెట్టారు. తన స్టేటస్ పోయిన సంగతి వాడికి తెలుసని ప్రభుత్వం రుజువు చెయ్యాలి అని కోర్టు అంది, వాడు అక్కడిదాకా పోయాడు కాబట్టి. మనకి సుప్రీంకోర్టు దాకా పోయే ఓపిక ఉందా? ఒక గంట లాయర్‌కి డబ్బులిచ్చి మాట్లాడుకో.

ఎడిసన్ అన్నయ్య:
ఆలస్యంగా వస్తున్నా. మా న్యూజెర్సీలో ఈ తరహా పిస్టల్ అసాల్ట్ ఫైరార్మ్ కింద లెక్క, కొనలేవు, తేలేవు. ఇల్లినాయ్‌లో 2023 జనవరి నుంచి అమ్మకాలు బంద్. నువ్వు కన్సల్టెన్సీ అయితే రేపు ప్రాజెక్ట్ అయిపోయి క్లయింట్ జెర్సీ సిటీ అన్నాడనుకో, సామాన్లు ట్రక్కులో వేసుకొస్తూ దాన్ని కూడా వేసుకొచ్చావంటే ఇక్కడికొచ్చిన నిమిషంలో నేరస్థుడివి. ఇంటి గురించి చెప్తా వినండి. 2017లో నేను టెక్సస్‌లోనే ఉండేవాణ్ణి, పేరెందుకులే ఒక పెద్ద కాంప్లెక్స్, అప్పటికే గ్రీన్ కార్డ్ ఉంది నాకు, లీజ్‌లో ఎక్కడో 31వ పేజీలో ఆయుధాలు కూడదని రాసి ఉంది, ఎవడు చదువుతాడు. ఏసీ ఫిల్టర్ మార్చడానికి మెయింటెనెన్స్ మనిషి వచ్చాడు, నేను ఆఫీసులో ఉన్నా, క్లాజెట్ పై అరలో నల్లటి గన్ కేసు, దానికి తాళం వేసే ఉంది, వాడు చూసి లీజింగ్ ఆఫీసులో చెప్పాడు. మర్నాడు తలుపుకి కాగితం. వెళ్ళి అడిగితే అక్కడున్న అమ్మాయి నవ్వుతూనే ఉంది, పాలసీ పాలసీ అంటుంది తప్ప ఒక్క ముక్క వినదు, తాళం వేసి ఉంది తల్లీ అన్నా, లాభం లేదు. మేనేజర్‌ని పిలవమంటే వచ్చే వారం రా అన్నారు, వచ్చే వారం వెళ్తే మారిపోయాడన్నారు. మా ఆవిడకి అప్పుడు ఏడో నెల. చివరికి రెండు నెలల అద్దె కట్టి, డిపాజిట్ వదులుకుని బయటపడ్డాం. సామాన్లు మోయడానికొచ్చిన ఫ్రెండ్స్‌కి బిర్యానీ ఖర్చు అదనం.

హ్యూస్టన్ అన్న:
టెక్సస్‌ల గట్ల చెయ్యరాదు అన్నా. చట్టపరంగ ఉన్న తుపాకీ అద్దెకున్నోడు ఇంట్ల పెట్టుకుంటే ఓనర్ వద్దనరాదు.

ఎడిసన్ అన్నయ్య:
ఆ చట్టం 2019 సెప్టెంబర్ ఒకటి నుంచి వచ్చింది. నాది 2017 అని మొదటి లైన్‌లోనే రాశా, చదవరా?

హ్యూస్టన్ అన్న:
సరే సరే. ఇంతకీ పోరడు అడిగినదానికి ఎవ్వరు జవాబు చెప్తలేరు, నేనే చెప్త. నా దగ్గర ఉన్నది 10.5 అంగుళాలదే. పిస్టల్ అంటే జేబుల పట్టేదనుకోకు, బ్రేస్‌తోటి రెండడుగులు దాటుతది. 5.56 తూటా తయారైందే 20 అంగుళాల బ్యారెల్ కోసం, పొట్టిదాంట్ల మందు మొత్తం కాలకముందే తూటా బయటపడతది, స్పీడ్ సెకనుకు 400, 500 అడుగులు తగ్గుతది, కాలని మందంత మూతి ముంగట మంటైతది. చప్పుడు సంగతి చెప్పనలవి గాదు. ఇండోర్ రేంజ్‌ల చెవుల్ల ప్లగ్గులు పెట్టి వాటి మీద మఫ్స్ పెట్టుకున్నా గుండెల తగులుతది. అర్ధరాత్రి పడకగదిల ఏం లేకుండ కాలిస్తే నీ చెవులే గాదు, పక్కన పాప చెవులు గూడ పోతయి. .300 బ్లాకౌట్ పొట్టి బ్యారెల్‌కనే చేసిన్రు, తొమ్మిదంగుళాలకే పని కానిస్తది, మంట తక్కువ, కాని తూటా ధర దాదాపు రెట్టింపు, రేంజ్‌కి వారం వారం పోతే జీతం చాలదు. ఇంకోటి, రెండిటికీ మ్యాగజైన్ ఒకటే. .300 తూటా పొరపాటున 5.56 గన్‌ల పడి లోపల కూసుంటే, ట్రిగ్గర్ నొక్కినవంటే తుపాకీ మొఖం మీదనే పేల్తది. రెండూ ఉన్నోళ్ళు మ్యాగజైన్లకు రంగు టేపులు చుట్టుకుంటరు.

ప్లేనో బాబాయ్:
బ్రేస్ పెడితే షార్ట్ బ్యారెల్ రైఫిల్ (పొట్టి గొట్టం రైఫిల్) కింద ఫెడరల్ ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చెయ్యాలి, 200 డాలర్ల టాక్స్. అది కూడా చెప్పు.

హ్యూస్టన్ అన్న:
బాబాయ్, మీరు 2023లనే ఆగిపోయిన్రు. అప్పుడు తెచ్చిన ఆ బ్రేస్ రూల్‌ను 2024 జూన్‌ల టెక్సస్‌ల ఫెడరల్ జడ్జి కొట్టేసిండు. భుజానికి ఆనించే అసలు స్టాక్ పెడితేనే షార్ట్ బ్యారెల్ రైఫిల్. ఆ 200 టాక్స్ కూడ 2026 జనవరి నుంచి సున్నా.

ప్లేనో బాబాయ్:
టాక్స్ సున్నా అయినా రిజిస్ట్రేషన్ పోలేదుగా. ముందు పట్టుకోవడానికి నిలువు పిడి బిగించినా వేరే కేటగిరీలోకి పోద్ది. యూట్యూబ్ చూసి ఒక్కో ముక్కా ఆర్డర్ పెట్టేవాళ్ళకి ఇవన్నీ ఎవరు చెప్తారు?

ఫ్రిస్కో అక్క:
గోడల గురించి నేను అడుగుతా. అపార్ట్‌మెంట్ గోడ అంటే అటొక జిప్సమ్ షీట్ ఇటొక జిప్సమ్ షీట్, మధ్యలో దూది. మన ఊళ్ళో ఇటుక గోడ కాదు. గురి తప్పితే అది ఎవరింట్లోకి వెళ్తుంది?

హ్యూస్టన్ అన్న:
ఏదైనా పోతది అక్కా, మామూలు పిస్టల్ తూటా 9 ఎంఎం గూడ నాలుగైదు గోడలు దాటుతది. దొంగను ఆపేటంత బలం ఉన్న ఏ తూటానూ ఆ గోడ ఆపదు. అందుకే అపార్ట్‌మెంట్ల ఉన్నన్ని దినాలు నేను రేంజ్‌కే వాడిన, ఇంట్ల సేఫ్‌ల పెట్టి తాళమేసేది.

ఫ్రిస్కో అక్క:
రెండేళ్ళ పిల్ల ఉన్న ఇంట్లో సేఫ్ తప్ప వేరే మాటే లేదు. టెక్సస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లలకి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేస్తే నేరం. ఇక ఎవరైనా నీకు మా పేరు మీద కొనిస్తాం అంటే ఒప్పుకోకు తమ్ముడూ, ఇది మనవాళ్ళల్లో ఎక్కువ. అబ్రామ్‌స్కీ అనే ఆయన డిస్కౌంట్ వస్తుందని వాళ్ళ అంకుల్ డబ్బుతో అంకుల్ కోసం తన పేరు మీద పిస్టల్ కొన్నాడు. అంకుల్‌కి తుపాకీ ఉంచుకునే హక్కు ఉంది, అయినా శిక్ష పడింది, 2014లో సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. నీకైతే ఇప్పుడు ఆ హక్కే లేదు.

ఎడిసన్ అన్నయ్య:
ఇంకో మాట. రేంజ్‌కి వాడిన బ్యాగ్‌ని ఇండియా ప్రయాణానికి వాడకండి. జిప్పు మూలలో ఒక్క తూటా మిగిలితే శంషాబాద్‌లో దిగాక ఆర్మ్స్ యాక్ట్ కేసు. పెళ్ళికి వెళ్ళి స్టేషన్‌లో కూర్చుంటారు.

ప్లేనో బాబాయ్:
అది మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. నేను రేంజ్ బ్యాగ్‌కి ఎర్ర రిబ్బన్ కట్టా, మా ఆవిడ దాంట్లో ఆవకాయ పెట్టబోతే పట్టుకున్నా.

ఇర్వింగ్ కొత్తబ్బాయి:
అందరికీ థాంక్స్. మా ఆవిడ ఈ త్రెడ్ మొత్తం చదివింది, ఇప్పుడు ఆ స్క్రూలు నాతోనే బిగించమంటోంది. శనివారం బ్యాంక్‌కి వెళ్తున్నాం, లాకర్ ఖాళీ ఉందట. లాయర్‌తో కూడా అపాయింట్‌మెంట్ తీసుకున్నా. హంటింగ్ లైసెన్స్ సంగతి ఆయన ఏమంటాడో చూసి అప్పుడు చెప్తా. ఆప్టిక్ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

హ్యూస్టన్ అన్న:
గురికి ఎర్ర చుక్క చూపే రెడ్ డాట్ ఆప్టిక్ చాలు తమ్ముడూ. గ్రీన్ కార్డ్ వచ్చినంక మాట్లాడుదం.

ప్లేనో బాబాయ్:
గ్రీన్ కార్డ్ ఈబీ2 లైన్‌లో అయితే అప్పటికి ఆ రెడ్ డాట్ కంపెనీ ఉంటదో లేదో.

ఎడిసన్ అన్నయ్య:
అక్కా, ఆ మూడంగుళాల స్క్రూలు కొడితే మూవ్ అవుట్ అప్పుడు డిపాజిట్‌లో కోస్తారా? నాకు ఆఫీసుల మీద నమ్మకం పోయింది.